ఇద్దరి మధ్య చిన్న గీత

నరసింహన్-శేషాద్రి సిద్ధాంతం. కొత్తగా వినేవారికి ఒక్కరి పేరే అనిపిస్తుంది. కానీ ఇద్దరు. మధ్యలో ఉన్నది చిన్న గీత. 2020 జులై 17న చెన్నైలో సి.ఎస్.శేషాద్రి కన్నుమూశారు. గీతకు ఇవతల ఎం.ఎస్.నరసింహన్ ఒక్కరే మిగిలారు.

ఇద్దరూ 1932లోనే పుట్టారు. శేషాద్రిది ఫిబ్రవరి 29... నాలుగేళ్లకోసారి వచ్చే పుట్టినరోజు! చెన్నై లయోలా కాలేజీలో ఫాదర్ రసీన్ అనే ఫ్రెంచి గురువు దగ్గర లెక్కలు నేర్చుకున్నారు. 1953లో కలిసే బొంబాయి వెళ్లి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడ ఇద్దరి పరిశోధనకూ మార్గదర్శి, మన మచిలీపట్నంలో పుట్టిన కె.చంద్రశేఖరన్.

వారికి పేరు తెచ్చిన సిద్ధాంతం 1965లో అచ్చయింది. రెండు చిల్లులున్న గారెను ఊహించుకోండి. దాని ఉపరితలం మీద ప్రతి బిందువు దగ్గరా ఒక సదిశాంతరాళాన్ని నిలబెడితే వచ్చే నిర్మాణమే వెక్టర్ బండిల్. దాన్ని బీజగణితంతో పరిశీలించొచ్చు. చిల్లుల చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే దారులతోనూ అర్థం చేసుకోవచ్చు. 'స్థిరమైన' బండిళ్ల విషయంలో ఈ రెండు భాషలూ చెప్పేది ఒకే మాటని వారు నిరూపించారు. 1983లో డొనాల్డ్‌సన్ మరో దారిలో వెళ్లి అదే ఫలితానికి కొత్త రుజువు ఇచ్చారు.

తర్వాత దారులు వేరయ్యాయి. శేషాద్రి 1984లో చెన్నై చేరారు. నేటి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1989లో ఆయనే పునాది వేశారు. కర్ణాటక సంగీతం చక్కగా పాడేవారు. నరసింహన్ ఇటలీలోని ట్రియెస్ట్‌లో గణిత విభాగాన్ని నడిపించి, చివరికి బెంగళూరులో స్థిరపడ్డారు. ఊళ్లు మారినా పేర్లు మాత్రం విడిపోలేదు.

కాగితం మీదికెక్కేది చివరికి నిలిచిన రుజువే. కొట్టేసిన పేజీలు, సగంలో ఆగిన ఆలోచనలు, ఇక కుదరదనుకున్న సాయంత్రాలు ఏ పత్రికలోనూ అచ్చుకావు. అవి చేసినవాళ్లకే గుర్తుంటాయి. ఇద్దరు కలిసి చేసిన పనిలో ఒకరు వెళ్లిపోతే రెండోవారు పోగొట్టుకునేది స్నేహితుణ్ని మాత్రమే కాదు. 'అప్పుడు అలా జరిగింది కదూ' అంటే అవునని చెప్పే ఒకే ఒక్క సాక్షిని కూడా.

పది నెలలైనా నిండకుండానే, 2021 మే 15న నరసింహనూ వెళ్లిపోయారు. ఆ సాయంత్రాల సంగతులు చెప్పుకొనేందుకు ఇప్పుడు ఇద్దరూ లేరు. రుజువు ఉంది. దాని పేరులో, ఇద్దరినీ కలిపి పట్టుకున్న ఆ చిన్న గీత ఉంది.