అమ్మ అబద్ధం చెప్పదు.. అందుకే విజయవాడ ట్రిప్!

ట్రిప్ ప్లాన్ చేసేటప్పుడు మనం ముందుగా ఏం చూస్తాం? ఎండ ఎంత ఉంది, రూమ్ రేటు ఎంత, ఫొటోలు బాగా వచ్చే చోటు ఏది! ఆ వారం ఆ ఊళ్లో బంద్ ఉందా, ర్యాలీ ఉందా అన్నది మాత్రం బస్సు ఆగిపోయాకే గుర్తొస్తుంది. మా ఎర్రగుంట్ల జనానికి ఈ విషయంలో అనుభవం ఎక్కువే. 2013లో సమైక్యాంధ్ర సమ్మెతో ఆర్టీసీ బస్సులు దాదాపు రెండు నెలలు డిపోలు దాటలేదు. రైల్వే స్టేషన్ ఉండబట్టి మాకు బయటి ఊళ్లతో సంబంధం తెగలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ప్రయాణం అంటే ముందు పేపర్ చూస్తారు, ఆ తర్వాతే టికెట్.

2022లో మాత్రం సీన్ రివర్స్. ఆందోళన ఉన్న తేదీ చూసుకుని మరీ ట్రిప్ వేశాం.

అమ్మ గవర్నమెంట్ టీచర్. నేను సాఫ్ట్‌వేర్. కరోనా పుణ్యమా అని అప్పుడు ఇంటి నుంచే పని. బయట నాపరాళ్లు కోసే మిషన్ల మోత, లోపల నా జూమ్ కాల్స్. ఆ జనవరిలో అమ్మ ఫోన్‌లోని గ్రూపులన్నీ ఒకటే మాట: పీఆర్సీ. 2019 జులై నుంచి 27 శాతం ఐఆర్ వస్తోంది. ఇప్పుడు ఫిట్‌మెంట్ 23 శాతమే అన్నారు. హెచ్‌ఆర్‌ఏ శ్లాబులూ తగ్గాయి. ఇంక్రిమెంట్ అంటే పెరగడమే అనుకునే నాలాంటివాళ్లకు ఇది ఎక్కడానికి కొంచెం టైమ్ పట్టింది. పే రివిజన్ తర్వాత చేతికొచ్చే జీతం తగ్గుతుందేమో అన్నది వాళ్ల భయం. ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ' అని పీఆర్సీ సాధన సమితి పిలుపునిచ్చింది. కరోనా కారణంగా అనుమతి లేదని పోలీసులు చెప్పారు.

ముందు రోజు నుంచే బస్సులు ఆపుతారు, టోల్‌గేట్ల దగ్గర ఐడీ కార్డులు అడుగుతారు అని గ్రూపుల్లో మెసేజ్‌లు మొదలయ్యాయి. "దుర్గ గుడికి పోతాండామని చెప్తే సరిపోతుంది కదమ్మా" అన్నా.

"అబద్ధం నా నోట్లో నుంచి రాదు రా. గుడికని చెప్తే గుడికే పోవల్ల" అంది.

సరే, అయితే నిజంగానే పోదాం! అక్కడ మొదలైంది మా ప్లాన్. ఎక్సెల్ షీట్ తెరిచా. ఒకటో తేదీ రాత్రి ప్రొద్దుటూరు నుంచి బస్సు. రెండు పొద్దున దుర్గమ్మ దర్శనం. మూడు అమ్మది. నాలుగు నాది: ఉండవల్లి గుహలు, ప్రకాశం బ్యారేజీ. అదే రాత్రి తిరుగు బస్సు. అమ్మ సీఎల్ పెట్టింది, నేను లీవ్ పెట్టా. ఒక్క రోజు ముందు బయల్దేరడం వల్ల దారిలో మమ్మల్ని ఎవరూ ఆపలేదు.

రూమ్ విషయంలో కొంచెం బుర్ర పెట్టాల్సి వచ్చింది. మామూలుగా అయితే నది కనిపించే హోటల్ వెతికేవాణ్ని. ఈసారి గాంధీనగర్‌లో మామూలు లాడ్జి తీసుకున్నా. ఎన్జీవో హోమ్, అలంకార్ సెంటర్, ధర్నా చౌక్ అన్నీ ఆ పక్కనే. సభ జరిగే బీఆర్టీఎస్ రోడ్డుకు నడిచి పోవచ్చు. ఆటోలు ఆగిపోయినా అమ్మ కాళ్ల మీద వెనక్కి రాగలగాలి, అదీ లెక్క.

రెండో తేదీ ఇంద్రకీలాద్రి మీద దర్శనం బాగా జరిగింది. కొండ మీద నుంచి కృష్ణ కనిపిస్తే అమ్మ చాలాసేపు అట్లే నిలబడింది. నీళ్ల కోసం మొఖం వాచిన ఊరు మాది. అన్ని నీళ్లు ఒకేచోట చూస్తే మాకు మాట రాదు.

సాయంత్రం లాడ్జికి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. రూమ్‌లో ఉన్నవాళ్ల వివరాలు రాసుకుంటున్నాడు.

"ఎందుకొచ్చారమ్మా?"

"దుర్గమ్మ దర్శనానికి. పొద్దున అయింది" అని అమ్మ లడ్డూ కవర్ చూపించింది.

"టీచరా?"

అమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. "ఔను సార్" అంది.

నాకు గుండె జారింది. ఆయన పేపర్ మీద ఏదో రాసుకుని, తల ఎత్తకుండానే, "రేపు జనంలో మాస్క్ తీయొద్దమ్మా" అని వెళ్లిపోయాడు. ఆయన జీతమూ అదే పీఆర్సీ కింద వస్తుందన్న సంగతి నాకు ఆ తర్వాత తట్టింది.

మూడో తేదీ పొద్దున వీధి చివరికి వచ్చేసరికి ఊరు మారిపోయి ఉంది. బారికేడ్లు, పోలీసులు, వాటి సందుల్లోంచి నడిచొస్తున్న జనం. మారువేషాల్లో వచ్చినవాళ్ల గురించి మీరూ టీవీల్లో చూసే ఉంటారు. పది గంటలు దాటాక ఎవరినీ ఆపే పరిస్థితి లేదు. బీఆర్టీఎస్ రోడ్డు ఒకప్పటి రైలు పట్టాల స్థలంలో వేసిన రోడ్డు. అందుకే పొడవుగా, వెడల్పుగా ఉంటుంది. ఆ రోజు ఆ చివర ఈ చివర తలలే. శ్రీకాకుళం యాస ఒక పక్క, మన సీమ యాస ఒక పక్క. ఎప్పుడో ట్రైనింగ్‌లో తనతో చదివిన ఇద్దరిని అమ్మ అక్కడ గుర్తుపట్టింది. నినాదాలు ఒకవైపు సాగుతుంటే, వీళ్లు ముగ్గురూ డివైడర్ మీద కూర్చుని పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకున్నారు.

నేను ఉద్యోగిని కాదు, నినాదం నాది కాదు. నీళ్ల బాటిళ్లు మోయడం నా డ్యూటీ. ఫొటోలు దూరం నుంచే తీశా, మొహాలు తెలిసేలా ఒక్కటీ స్టేటస్‌లో పెట్టలేదు. మనకు లైకులు రావచ్చు, వాళ్లకు మెమో రావచ్చు.

నాలుగో తేదీ ఉండవల్లి వెళ్లాం. ఒకే కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి విగ్రహం కూడా ఆ రాతిదే. రాళ్ల ఊరి నుంచి వచ్చినవాళ్లం కదా, చేత్తో తట్టి చూడకుండా ఉండలేకపోయాం. తిరిగొస్తూ బ్యారేజీ మీద ఆగాం. 1957లో పూర్తయింది, 70 గేట్లు. అక్కడ అమ్మ అడిగింది:

"మీ కంపెనీలో జీతం తగ్గిస్తే నువ్వేం చేస్తావు రా?"

"కంపెనీ మారతా."

"మాకు మారేదానికి ఇంకో గవర్నమెంట్ లేదు కదా."

ఆ రెండు రోజులు నేను షీట్‌లో వేసుకున్న లెక్కలన్నిటికంటే ఈ మాటే నాకు ఎక్కువ అర్థమైంది. మాకు రిజైన్ లెటర్ ఉంది. వాళ్లకు రోడ్డు ఉంది.

ఐదో తేదీ పొద్దున ఇంటికొచ్చాం. ఆ రాత్రే చర్చలు ముగిశాయి. హెచ్‌ఆర్‌ఏ శ్లాబులు మార్చారు, ఐఆర్ రికవరీ ఉండదన్నారు. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఉంది. ఏడో తేదీ నుంచి జరగాల్సిన సమ్మె ఆగిపోయింది. ఉపాధ్యాయ సంఘాలు కొన్ని అసంతృప్తిగానే ఉండిపోయాయి. మా ఇంట్లోనూ అంతే.

మీరూ ఎప్పుడైనా ఇలాంటి తేదీన ఒక ఊరికి వెళ్లాల్సి వస్తే కొన్ని మాటలు. ఒక రోజు ముందు చేరండి, ఒక రోజు తర్వాత బయల్దేరండి. రూమ్ నడిచే దూరంలో తీసుకోండి. సిగ్నల్ మొరాయిస్తుంది కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. చేతిలో కొంత నగదు, ఆధార్, మందులు ఉంచుకోండి. ఊరు చూసే రోజు, సభ జరిగే రోజు వేరుగా పెట్టుకోండి. చూడటానికే వచ్చామంటే పక్కన నిలబడండి. ఎవరి రోడ్డు అయితే వాళ్లకు వదిలేయండి.

మొన్న అమ్మను అడిగా, ఈసారి ఎక్కడికి పోదామని.

"ధర్నా లేని ఊరికి" అంది.

అలాంటి ఊరు మీకు తెలిస్తే చెప్పండి, షీట్‌లో రాసుకుంటా.