హమూర్‌లో మగచేప ఎక్కడ?

గల్ఫ్‌కి ఒక్కరైనా పోని ఖాన్‌దాన్ మనలో తక్కువ. అందుకే హమూర్ అనే పేరు చాలా ఇళ్ల దస్తర్‌ఖాన్ దగ్గర వినబడే ఉంటుంది. దుబాయ్, షార్జా మచ్లీ బజారుల్లో అది సుల్తాన్. మట్టిరంగు ఒంటిమీద నారింజ చుక్కలు, మందమైన పెదాలు, ఇంత పెద్ద నోరు. పగడపు దిబ్బల్లో, రాతి సందుల్లో మాటు వేసి, దగ్గరికొచ్చిన చేపనీ పీతనీ ఒక్క గుటకలో లాగేసుకుంటుంది. గోష్త్ తెల్లగా ఉంటుంది, ముళ్లు తక్కువ. పిల్లలకి బేఫికర్‌గా పెట్టొచ్చు.

మా ఖాలా కొడుకు షార్జాలో ఒక హోటల్ బావర్చీఖానాలో పదిహేనేళ్లుగా చేపలు కోస్తున్నాడు. "భాయీజాన్, నేనొచ్చిన కొత్తలో హమూర్‌ని ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. ఇప్పుడు ప్లేటుకి సరిపోయేవే వస్తున్నాయి. అవీ మహా మహెంగా" అంటాడు.

ప్లేటుకి సరిపోయేవి. ముసీబత్ అంతా అక్కడే ఉంది. ఈ చేప మొదట ఆడది. ఏళ్ల తరబడి బతికి, బాగా పెరిగాకే కొన్ని మగవిగా మారతాయి. కుద్రత్ అలా ఉంది. పెద్దవాటిని ఏరి పట్టేస్తే మగవి కరువు. చిన్నవాటిని పట్టేస్తే మగదయ్యే ఉమర్ దేనికీ రాదు. పైగా గుడ్లు పెట్టే మౌసమ్‌లో అన్నీ ఒకచోట చేరతాయి, ఆ జాగా తెలిసినవాడికి ఈదే. అక్కడ గర్గూర్ అనే గుమ్మటంలాంటి తీగబుట్ట వేసి పడతారు. తాడు తెగి అడుగున ఉండిపోయినా అది చేపల్ని పడుతూనే ఉంటుంది.

2010లో ఎమిరేట్స్‌లో 'చూజ్ వైజ్లీ' అనే ప్రచారం మొదలుపెట్టి, హమూర్‌ని కొనవద్దనే ఎర్ర జాబితాలో పెట్టారు. మన విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు ఇదే చేపతో ట్యాంకుల్లో గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచారు. ఖుషీ కబురే. కానీ ఈ జాతి హేచరీల్లో మగవి దొరక్క, ఆడవాటికి హార్మోన్ ఇచ్చి మార్చడం మామూలు సంగతి. సముద్రంలో వాటికి ఆ హార్మోన్ ఎవరిస్తారు?

ఇదంతా ఫోన్‌లో చెబితే మావాడు నవ్వాడు. "మెనూలో పేరు హమూర్. సగం రోజులు కడాయిలో ఉండేది ఫ్రీజర్‌లోంచి తీసిన ఇంకేదో చేప. గిరాకీలు అంగుళ్లు నాక్కుంటూ తింటున్నారు, వాళ్లకేం తెలుసు?"