తాగినా తొణకనివాడు

పెళ్లికి ముందురోజు రాత్రి మేడమీద సీసాలు తెరుచుకున్న చోట ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "మా బావకి ఎంత పోసినా మాట తడబడదు, అడుగు తప్పడు." చెప్పేవాడి గొంతులో గర్వం. రెండు గుక్కలకే తల తిరుగుతోందని గ్లాసు కింద పెట్టేసిన కుర్రాడికి దక్కేది వెక్కిరింత. మెచ్చుకోవలసినవాణ్ణి వెక్కిరిస్తున్నారనీ, జాలిపడవలసినవాణ్ణి మెచ్చుకుంటున్నారనీ నాకనిపిస్తుంది.

మార్క్ షుకిట్ అనే అమెరికా మానసిక వైద్యుడు ఇరవై ఏళ్ల అటూఇటూ కుర్రాళ్లకి కొలిచి మద్యం పట్టించి, ఎవరికెంత ఎక్కిందో రాసిపెట్టుకున్నాడు. వాళ్లలో కొందరి తండ్రులు తాగుడుకి బానిసలు. ఆ తండ్రుల కొడుకుల్లో మత్తు అంతగా తెలియనివాళ్లు పదేళ్లు తిరిగేసరికి నూటికి 56 మంది అదే దారి పట్టారు. బాగా తెలిసినవాళ్లలో 14 మందే. 1994లో ఈ లెక్క అచ్చయింది. చాలని ఒళ్లు చెప్పకపోతే మనిషి ఎక్కడ ఆగుతాడు?

ఒళ్లు గట్టిగా చెప్పే చోటు జపాన్. కాలేయంలో మద్యం ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషమవుతుంది. ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైము దాన్ని హాని లేని ఎసిటేటుగా మార్చేస్తుంది. జపనీయుల్లో నూటికి సుమారు నలభై మందికి ఈ ఎంజైము జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా. నాలుగు భాగాలు కలిస్తే గానీ ఎంజైము పనిచెయ్యదు. పల్లకి మోసే నలుగురిలో ఒక బోయీ చతికిలబడితే మిగతా ముగ్గురూ ఏం చేస్తారు? అందుకే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపే ఆ తేడా వచ్చినా శక్తి సగంతో ఆగదు, ఇంకా బాగా కిందికి పడిపోతుంది. అర గ్లాసు బీరుకే మొహం జేవురిస్తుంది, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది.

ఇలాంటివాడు తాగుబోతు కావడం కష్టమే. 1979లో జపాన్‌లో తాగుడు రోగుల్ని పరీక్షిస్తే, ఒకవైపు తేడా ఉన్నవాళ్లు నూటికి రెండున్నర. 1986కి ఎనిమిదయ్యారు, 1992కి 13. పదమూడేళ్లలో ఒక జాతి జన్యువులు మారిపోవు కదా! ఆఫీసు అయ్యాక అందరూ కలిసి తాగే చోట పైఅధికారి పోసిన గ్లాసుని కాదనడం ఎంత కష్టమో కొలువు చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మొహం ఎర్రబడుతున్నా, కడుపు తిప్పుతున్నా, నలుగురి మధ్య కూర్చుని ఓర్చుకోవడం నేర్చుకున్నారన్నమాట. ఆ ఓర్పుకి వేరే ఖరీదుంది. విషం ఒంట్లో నిలవుండేవాడు తాగుతూ పోతే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు మిగతా తాగేవాళ్లకంటే చాలా ఎక్కువ. రెండు వైపులా తేడా ఉన్నవాళ్లు మాత్రం తాగుడు రోగుల్లో దాదాపు కనబడరు. వాళ్లకి ఓర్చుకోవడం కూడా సాధ్యం కాదు.

మనవాళ్లలో ఈ తేడా బహు అరుదు. దాని నకలు మాత్రం మందుల షాపులో దొరుకుతుంది, డైసల్ఫిరామ్ అని. 1940ల చివర్లో డెన్మార్క్‌లో ఎరిక్ యాకబ్సన్, యెన్స్ హాల్ దీన్ని కడుపులో పురుగులకి మందుగా పరీక్షిస్తూ తామే మింగారు. తర్వాత కాస్త మద్యం పుచ్చుకునేసరికి ఒళ్లు తిరిగిపోయింది. ఆ జపనీయులకి పుట్టుకతో పనిచెయ్యని ఎంజైమునే ఈ మాత్ర పనిగట్టుకుని ఆపుతుంది. రోగికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడవలసిన మందు ఇది. తాగుడుతో విసిగిపోయిన ఇల్లాలు దాన్ని పొడిచేసి పప్పులోనో మజ్జిగలోనో కలిపెయ్యడమూ ఉంది. ఆమె కష్టం నాకర్థమవుతుంది. కానీ సంగతి తెలియని ఆ మనిషి సాయంత్రం ఎప్పటిలాగే క్వార్టర్ ఎత్తుతాడు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర మానేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం పోదు.