పంక్తి లేచాక

బ్రాంప్టన్, జనవరి 14

నాన్నా,

ఇవాళ టొరంటో వెళ్లి ఆస్గుడ్ హాల్ చూసొచ్చాను. 1797లో పుట్టిన ఒంటారియో లా సొసైటీ ఉండేది అందులోనే. మన బార్ కౌన్సిల్ లాంటిదనుకో. చుట్టూ నల్లటి ఇనప కంచె. గేట్లలోంచి తిన్నగా పోలేం, ఒంపు తిరిగి ఒక్కొక్కరుగా దూరాలి. ఒకప్పుడు ఆవులు లోపలికి రాకుండా అలా కట్టారని చెప్పుకుంటారు. భుజాన సంచి ఉందేమో, నేనూ ఇరుక్కున్నాను.

ఫోన్ చేసినప్పుడల్లా "పరీక్షలు పాసయ్యావు కదా, ఇంకా ప్లీడరువి కాలేదేం?" అంటున్నావు. ఈసారి కాగితం మీద పెడుతున్నాను, కళ్లజోడు పెట్టుకుని చదువు. మన ఎల్ఎల్‌బీని తూచి, ఇక్కడి రాజ్యాంగం, క్రిమినల్ లా, ఇంకా అవీ ఇవీ కలిపి 7 పేపర్లు రాయమన్నారు. రాశాను, సర్టిఫికెట్ వచ్చింది. ఆ తరవాత బారిస్టరు పరీక్ష, సొలిసిటరు పరీక్ష. ఇవి కాక, లైసెన్సున్న లాయరు దగ్గర కనీసం 8 నెలలు పని నేర్చుకోవాలి. దాన్ని ఆర్టికలింగ్ అంటారు. చిక్కంతా అక్కడే. పరీక్షంటే కూర్చుని చదివితే అవుతుంది, చోటు మాత్రం ఎవరో ఒకరు ఇవ్వాలి.

మన దగ్గర కూడా 1995లో ఏడాది ట్రైనింగ్ అని రూలు తెస్తే 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నా మటుకు రాజమండ్రి కోర్టు వరండాలో నువ్వు "మా పిల్లండీ" అన్నావు, సీనియర్ గారు తలూపారు, మర్నాటినుంచి వాయిదాలు రాసుకున్నాను. అంతే కదా! ఇక్కడ ఆ రెండు మాటలు అనేవాళ్లు లేరు. ఇక్కడి లా కాలేజీ పిల్లల్ని చదువు మధ్యలోనే పెద్ద ఆఫీసులు ఇంటర్వ్యూ చేసి ఎంచుకుంటాయి. మనం సర్టిఫికెట్ పట్టుకుని వచ్చేసరికి పంక్తి లేచిపోయి ఉంటుంది. 112 అర్జీలు పెడితే 9 జవాబులొచ్చాయి. ఒకాయన జీతం ఇవ్వనన్నాడు, బస్సు పాసు మాత్రం కొనిస్తాడట!

ఒక చిన్న ఊరినుంచి పిలుపొచ్చింది. వెళ్తున్నాను.

సడ్‌బరీ, జనవరి 20

నాన్నా,

ఉత్తరంగా 400 కిలోమీటర్లు, బస్సులో వచ్చాను. దారి పొడుగునా కొండరాయిని కోసి వేసిన రోడ్డు, ఆ కోతల్లో ఊటనీళ్లు గడ్డకట్టి ఊడల్లా వేలాడుతున్నాయి. ఇది నికెల్ గనుల ఊరు. 9 మీటర్ల ఎత్తున ఒక నాణెం నిలబెట్టారట. చలికి భయపడి చూడలేదు.

ఇద్దరు లాయర్లుండే ఆఫీసు. పెద్దావిడ అరవై దాటి ఉంటుంది. నా మార్కుల కాగితం పక్కన పెట్టేసి, అట్టపెట్టె ఒకటి నా ముందుకి తోసింది. ఆస్తి తగాదా తాలూకు కాగితాలు, పైవి కిందా కిందవి పైనా. "గంటలో సర్దగలవా?" అంది. తారీఖుల వారీగా పేర్చాను, నకళ్లు విడదీశాను, పైన ఒక జాబితా రాసి పెట్టాను. నువ్వు కట్టే కాగితాల కట్టల్లాగే, దారం లేదంతే, రబ్బరు బ్యాండు వేశాను. ఆవిడ జాబితా రెండుసార్లు చదివి, ఒక తారీఖు దగ్గర వేలు పెట్టి, "ఈ ఉత్తరం నాకు కనబడనే లేదు" అంది.

ఇక చోటు వచ్చేసినట్టే అనుకున్నాను. అప్పుడు అడిగింది, కారు నడుపుతావా అని. వాళ్ల కేసులు కొన్ని మానిటూలిన్ దీవిలో గోర్ బే కోర్టులో ఉంటాయి, రానూపోనూ రోజంతా పడుతుంది. నా దగ్గరున్నది జీ1, అంటే పక్కన లైసెన్సున్నవాళ్లు కూర్చుంటేనే స్టీరింగు పట్టాలి. ఏడాదిన్నరగా పర్సులో పడి ఉంది. రాజమండ్రిలో ఆరేళ్లు స్కూటీ నడిపానని చెప్పబోయి మింగేశాను. "మే నెలలోగా లైసెన్సు తెచ్చుకుని ఫోన్ చెయ్యి, అప్పటిదాకా చూస్తాను" అంది.

అదీ కుదరకపోతే టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ వాళ్ల ప్రోగ్రాం ఉంది, నాలుగు నెలలు శిక్షణ, నాలుగు నెలలు ఆఫీసు పని. అదీ ఆర్టికలింగ్ కిందే లెక్క. దిగులు పడకు.

డ్రైవింగ్ స్కూలుకి ఇందాకే ఫోన్ చేశాను. శనివారం మొదటి పాఠం, మంచు పడుతున్నా ఆపరట. ఆ ముక్క అమ్మకి చెప్పకు.