జిల్లేడు పొదల చుట్టూ ఏడాది

గుంతకల్లులో మా రైల్వే క్వార్టర్స్‌కీ పట్టాలకీ మధ్య ఉన్న ఖాళీ జాగాలో జిల్లేళ్ళు తప్ప పెద్దగా ఏవీ బతికేవి కావు. ఏడాది మొత్తానికి ఐదారు వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురం జిల్లా నేల అది. దాని మీద బొగ్గు నుసి. 1980ల తొలినాళ్ళలో అక్కడ మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ పట్టాలు రెండూ ఉండేవి, ఆవిరి ఇంజన్లు ఇంకా తిరిగేవి. పశువులు ముట్టని ఆ దళసరి ఆకుల మీద వాన పడేదాకా నల్లటి పొర కట్టి ఉండేది. నా చిన్నతనంలో నాకు బాగా తెలిసిన తోట అదే.

ఆ తోటకు ఏడాది పొడవునా వచ్చిపోయే నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటుంది. రెక్కలు విప్పితే ఏడెనిమిది సెంటీమీటర్లు. ముందు రెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో ఏటవాలుగా తెల్లటి పట్టీ. వెనక రెక్కల నడుమ చిన్న నల్ల చుక్కలు. ఏ తొందరా లేనట్టు నేలకు దగ్గరగా, మెల్లగా ఎగురుతుంది. మా వీధి పిల్లలందరికీ అది జిల్లేడు చిలుక. దాన్ని ఇంగ్లీషులో ప్లెయిన్ టైగర్ అంటారని కాలేజీ లైబ్రరీలో వింటర్ బ్లైత్ 1957లో వేసిన భారత సీతాకోకచిలుకల పుస్తకం చూశాకే నాకు తెలిసింది.

నన్ను దాని దగ్గరికి పంపింది మా అవ్వ. వినాయక చవితికి 21 రకాల పత్రిలో అర్కపత్రం కావాలి, అంటే జిల్లేడాకు. మాఘంలో రథసప్తమికి తలమీద, భుజాల మీద పెట్టుకుని నీళ్ళు పోసుకోవడానికి ఏడు ఆకులు కావాలి. కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి దగ్గరికి పోయే రోజున మాలకు ఇంకా ఎక్కువ కావాలి. ఆకులు తేవడం నా పని. ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చి ఒకే మాట చెప్పేది.

"పాలు కంట్లో పడితే కన్ను పోతాది రా, జాగ్రత్త. ఆకు తిప్పి చూసి తెంపు. పురుగుంటే ఆ ఆకు జోలికి పోవద్దు."

పూజకు పురుగు పట్టిన ఆకు పనికిరాదన్నది ఆమె లెక్క. ఆ లెక్క వల్ల నాకు ఆకు అడుగు చూసే అలవాటు పట్టింది.

ఆకు అడుగున గుడ్డు ఉంటుంది. మిల్లీమీటరుకు కాస్త పైన ఎత్తు, వెండి ఛాయ తెలుపు. తల్లి ఆకు అంచున వాలి, పొట్ట కొసను కిందికి వంచి ఒక్కటంటే ఒక్క గుడ్డు అతికించి, ఇంకో ఆకు వెతుక్కుంటూ పోతుంది. మూడు నాలుగు రోజులకు పురుగు బయటికొచ్చి మొట్టమొదట ఆ గుడ్డు పెంకునే తింటుంది. పెరిగేకొద్దీ ఒళ్ళంతా తెలుపు, నలుపు, పసుపు చారలు, పైన మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములు. నన్ను గంటలకొద్దీ అక్కడ కూర్చోబెట్టింది మాత్రం దాని తిండి. జిల్లేడాకును ఎక్కడ గిల్లినా పాలు కారతాయి, ఆ పాలు విషం. ఈ పురుగు ముందు ఆకులో అర్ధచంద్రంగా గాటు పెడుతుంది. ఆ గాటు దగ్గర పాలు కారి ఆగిపోతాయి. పాలు రాని అవతలి భాగాన్ని అప్పుడు నింపాదిగా తింటుంది. అయినా కొంత విషం ఒంట్లోకి చేరుతుంది, రెక్కలొచ్చాక కూడా ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ ఈ రంగు జోలికి రాదు. అందుకే దాని నడకలో అంత నిదానం.

రెండు వారాలో ఇంకాస్త ఎక్కువో తిని, ఆకు కిందో కొమ్మ కిందో తోకతో వేలాడి ప్యూపా అవుతుంది. పచ్చటి ఆకు కింద వేలాడితే లేతాకుపచ్చ, ఎండు పుల్లకో గోడకో వేలాడితే లేత గులాబీ. రెండింటి మీదా బంగారు చుక్కలుంటాయి. చిలుక వచ్చే ముందు రోజు ఆ పొర పలచబడి లోపలి నారింజ రెక్క కనిపిస్తుంది. కొన్ని ప్యూపాలు మాత్రం నల్లబడి, వాటిలోంచి ఈగలు వచ్చేవి. పురుగుగా ఉన్నప్పుడే ఆ ఈగ దాని మీద గుడ్డు పెట్టిపోతుందని పెద్దయ్యాక చదివాను. అప్పట్లో అది చూసిన రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఊళ్ళో మా మామకు ఫొటో స్టూడియో ఉండేది. మూలన పడున్న ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా నా చేతికిచ్చాడు. రోలుకు 12 బొమ్మలు. గుంపుగా నిలబడ్డ మనుషులకు అది చక్కటి కెమెరా, చేతి దూరంలో ఉన్న చిలుకకు కాదు. కడిగిన బొమ్మలో పొద ఉండేది, ఆకాశం ఉండేది, చిలుక ఉండాల్సిన చోట మసక ఉండేది. నా ఆరాటం చూసి మామ స్టూడియో పెంటాక్స్ తీసి, 50 మిల్లీమీటర్ల లెన్సును తిరగేసి కెమెరా మూతికి ఆనించి పట్టుకోవడం నేర్పించాడు. అలా పట్టుకుంటే దగ్గరి వస్తువు పెద్దగా పడుతుంది. కానీ స్పష్టంగా కనిపించే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లే. కన్ను స్పష్టంగా వస్తే రెక్క రాదు.

"ఊపిరి బిగబట్టు అల్లుడూ," అనేవాడు. "అది కూర్చున్నాక కాదు, కుదురుకున్నాక నొక్కు."

మాకు దొరికేది ఆర్వో నలుపు తెలుపు ఫిల్ము. నాకిష్టమైన నారింజ రంగంతా బూడిదగా మారిపోయేది. మొదట్లో ఏడుపొచ్చేది. రంగు పోయాక మిగిలేవి చుక్కలూ అంచులే కాబట్టి వాటినే చూడటం మొదలుపెట్టాను. బొమ్మలు పక్కపక్కన పరిస్తే కొన్నిటికి వెనక రెక్క నడుమ మూడు చుక్కలు, కొన్నిటికి నాలుగు. ఆ నాలుగోది మగదానికే ఉంటుంది, ఆడదాన్ని ఆకట్టుకునే వాసన దానిలో ఉంటుంది. ఆ వాసనకు ముడిసరుకు జిల్లేడులో దొరకదు. ఎండిన కాయను ఊపితే గలగలమనే గిలకకాయల మొక్క, అదే జనుముకు బంధువు, దానిమీద మగచిలుకలు గుంపుగా వాలి ఎండుటాకుల్నీ కాయల్నీ పీలుస్తూ కనిపించేవి. పువ్వే లేని ఎండు మొక్క మీద ఏం తాగుతున్నాయో ఆ వయసులో నాకు అంతుపట్టలేదు.

ఆ బొమ్మల్లోనే ఒకసారి నడుమ చుక్కల్లేని చిలుక పడింది. వెనక రెక్క ముందంచున ఒకే ఒక్క చుక్క. నారింజ, నల్లకొస, తెల్లపట్టీ మిగతా అన్నీ అవే. అది అసలు జిల్లేడు చిలుకే కాదు. డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే వేరే జాతిలో ఆడది. ఒంట్లో విషం లేకపోయినా విషమున్న దాని వేషం వేసుకుని పిట్టల్ని నమ్మిస్తుంది. దాని పురుగులు తినేది మనం పప్పులో వేసుకునే గంగపాయలాకు. దాని మగది నల్లగా, ఊదా అంచున్న తెల్ల మచ్చలతో ఉంటుంది, పక్కపక్కన పెట్టినా జంట అని ఎవరూ అనుకోరు. నలుపు తెలుపు ఫిల్ము కాకపోతే ఆ రంగుకు నేనూ మోసపోయేవాణ్ణే.

కాలాల సంగతికొస్తే, నిండుకాలం భాద్రపదం నుంచి కార్తీకం దాకా. వానకు మసి కడుక్కుపోయి ఆకులు బూడిదపచ్చగా తేలేవి. లేత చిగుళ్ళ నిండా పురుగులు, పూలమీద పెద్ద నల్ల తుమ్మెదలు, కొమ్మకొమ్మకూ పసుపూ నీలం చారల జిల్లేడు మిడతలు. మిడతలు గుంపుగా పడితే రెండు మూడు రోజుల్లో పొద మోడయ్యేది, మా పురుగులకు తిండి ఉండేది కాదు. వాటిని పుల్లతో తోలడం నా పని అనుకునేవాణ్ణి. బొమ్మలకు మంచికాలం మాత్రం సంక్రాంతి ముందటి చలి. పొద్దున్నే చిలుకలు రెక్కలు బార్లా చాపి ఎండకు ఒళ్ళు కాచుకుంటాయి, ఒళ్ళు వేడెక్కేదాకా కదలవు. తిరగేసిన లెన్సుకు అంతకంటే దొరికేదేముంది? ఆ చలిలో పురుగు పెరుగుదల కూడా నెమ్మదిస్తుంది. ఎండాకాలం అన్నీ ఎండిపోయినా జిల్లేడు పచ్చగా ఉండి పూసేది, చిలుకలు పొద్దున కాసేపు తిరిగి తర్వాత నీడకు చేరేవి. ఆషాఢం గాలికి ఒక్క బొమ్మా కుదిరేది కాదు.

చాలా ఏళ్ళకు ఒక పుస్తకంలో ఈజిప్టు సమాధి చిత్రం ఒకటి చూశాను. నెబమున్ అనే అధికారి తన కుటుంబంతో పడవలో నిలబడి నీటిపక్షుల్ని వేటాడుతున్న చిత్రం, సుమారు క్రీస్తుపూర్వం 1350 నాటిది, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెల్లుగడ్డి మీద పక్షుల మధ్య ఎగురుతున్నది జిల్లేడు చిలుకే. నల్లకొస, తెల్లపట్టీ, చుక్కలు, అన్నీ ఉన్నాయి. ఆఫ్రికా నుంచి మన దాకా ఇది ఉంటుందని తెలిసినా, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయాను. మూడు వేల ఏళ్ళకు పైగా కిందటి ఆ చిత్రకారుడు కూడా దాన్ని దగ్గరగా, ఓపిగ్గా చూసినవాడే.

గుంతకల్లులో మా పొదలున్న జాగా ఇప్పుడు కాంక్రీటు. అవ్వా లేదు, మామా లేడు. నలుపు తెలుపు బొమ్మలు కొన్ని నా దగ్గరున్నాయి. కానీ ఈ చిలుకకు అడవి అక్కర్లేదు, రక్షిత ప్రాంతం అక్కర్లేదు, ఒక్క జిల్లేడు చాలు. హైదరాబాదులో మా అపార్టుమెంటు పక్క ఖాళీ ప్లాటులో ఒక పొద ఉంది, దానిమీద నిన్న కూడా గుడ్లు చూశాను. ఇంటిముందు జిల్లేడు అరిష్టమని, పిచ్చిమొక్కని కనపడగానే నరికేస్తున్నాం. ప్రహరీ వెనకో, పొలం గట్టునో మొలిస్తే ఒక్కదాన్ని ఉంచండి. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి, పాలు మాత్రం కంట్లో పడనివ్వకండి. చవితికో రథసప్తమికో ఆకు తెంపేటప్పుడు ఒకసారి తిప్పి చూసి, పురుగుంటే పక్క ఆకు తీసుకోండి.