యేసయ్యను బూచివాణ్ణి చేయవద్దు



ఈమధ్య ముగ్గురు నలుగురు తల్లులు నన్ను ఒకే మాట అడిగారు. "అయ్యగారూ, మా వాడికి నాలుగేళ్ళు. చదవడం రాదు. వాడికి దేవుని సంగతులు ఎలా నేర్పాలి? సండే స్కూల్లో కూర్చోబెడితే నిద్రపోతున్నాడు" అని. నిద్రపోనివ్వండి, పరవాలేదు. ఐతుకు పౌలుగారి ప్రసంగంలోనే నిద్రపోయాడు, వీడెంత? వారానికి 168 గంటలుంటే అందులో సండే స్కూలు ఒక్క గంట. మిగతా గంటల్లో వాడు ఏం నేర్చుకుంటున్నాడన్నదే అసలు ప్రశ్న.

ద్వితీయోపదేశకాండము 6:7 చూడండి. పిల్లలకు దేవుని మాటలు చెప్పడానికి మోషే నాలుగు సమయాలు చెప్పాడు: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, నిద్ర లేచేటప్పుడు. నాలుగూ ఇంటి పనుల మధ్య వచ్చేవే. ఇంత చిన్నపిల్లలకు ఏం తెలుస్తుందిలే అనకండి. లూకా 18:15లో ప్రభువు దగ్గరకు తెచ్చిన శిశువులకు గ్రీకులో వాడిన మాట 'బ్రెఫోస్'. అంటే చంటిబిడ్డ. పశువుల తొట్టిలో పడుకున్న యేసయ్యకూ లూకా అదే మాట వాడాడు. తిమోతికి లేఖనాలు ఎప్పటినుంచి తెలుసో చెప్పేటప్పుడు పౌలు రాసిందీ ఆ మాటే (2 తిమోతి 3:15). చంటితనం నుంచే అన్నమాట. చదవడం రానప్పుడే.

మరి ఆ వయసులో మన పిల్లలకు దేవుని గురించి మొదట వినబడే మాట ఏమిటి? నాకు తెలిసిన చాలా ఇళ్ళలో, "దేవుడు కొడతాడు." అల్లరి చేస్తే యేసయ్య కొడతాడు, అబద్ధమాడితే కళ్ళు పోతాయి.

మిరపకాయ కోతల రోజుల్లో ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. తల్లీతండ్రీ కోతకు పోయారు. మూడేళ్ళ పాపకు నాయనమ్మ అన్నం తినిపిస్తోంది. నన్ను చూడగానే పాప బియ్యం బస్తా వెనక దాక్కుంది. "అన్నం తినకపోతే అయ్యగారు సంచిలో వేసుకుపోతారని చెప్పానులే అయ్యా" అని నవ్వింది నాయనమ్మ. నా సంచిలో ఉన్నవి బైబిలు, పాటల పుస్తకం, కళ్ళజోడు. ఆవిడ తెల్లవారుజామునే లేచి మోకాళ్ళూని ప్రార్థించే మనిషి. మనవరాలంటే ప్రాణం. అందరూ అనే మాటే ఆమే అంది. నేను నేలమీద కూర్చుని సంచి బోర్లించి చూపించాను. పాప బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

ఏదెనులో భయపడిన ఆదాము మొదట చేసిన పని కూడా దాక్కోవడమే (ఆదికాండము 3:10). భయపెడితే పిల్ల తప్పు మానదు, ఇంకా బాగా దాచడం నేర్చుకుంటుంది. గిన్నె పగిలితే పిల్లి మీద పెడుతుంది. ఈ మాట ఒక పెద్దాయనతో అంటే ఒప్పుకోలేదు. "దేవుని భయంతోనే జ్ఞానం మొదలవుతుందని సామెతల్లో లేదా అయ్యగారూ?" అన్నాడు. ఉంది. కానీ అక్కడ చెప్పిన భయభక్తులు వేరు, మనం పిల్లల్లో పుట్టించే బెదురు వేరు. భయభక్తులున్నవాడు దేవుని దగ్గరకు వస్తాడు, బెదిరినవాడు పారిపోతాడు. శిష్యులు గద్దిస్తే పిల్లలను దగ్గరకు తీసుకున్నది ప్రభువే కదా. పిల్లలను గద్దించొద్దని నేననడం లేదు. మీ కోపాన్ని మీ కోపంగానే చూపించండి, ఆయన పేరు దానికి తగిలించకండి.

నాయనమ్మలకు, అమ్మమ్మలకు ఒక మాట. పౌలు తిమోతి విశ్వాసాన్ని తలచుకున్నప్పుడు ముందు అవ్వ లోయి పేరు రాసి, తర్వాత తల్లి యునీకే పేరు రాశాడు. మన ఊళ్ళోనూ అంతే. కూలికి పోయే తల్లి పొద్దున్నే ఆటో ఎక్కితే దీపాల వేళకు దిగుతుంది. మధ్యలో కాసేపు అంగన్‌వాడీ, మిగతాదంతా మీ ఒళ్ళోనే. పాపం, పరిశుద్ధత లాంటి పెద్ద మాటలు ఆ పిల్లలకు అందవు. ముద్ద పెట్టే ముందు "థాంక్యూ యేసయ్యా" అనడం అందుతుంది. పక్కింటి పిల్లకు సగం బిస్కెట్ ఇవ్వడం అందుతుంది. ఇవ్వనని ఏడిస్తే లాక్కుని ఇవ్వకండి, అప్పుడు నేర్చుకునేది లాక్కోవడం.

ఇక నిజం చెప్పడం. ఇది మన వల్లే చెడుతోంది. కూలికి వెళ్ళేటప్పుడు పిల్లాడు ఏడుస్తాడని, వాడికి ఫోన్లో పాటలు పెట్టి దొడ్డిదారిన వెళ్ళిపోతాం. "ఇప్పుడే వస్తా" అని సాయంత్రం వస్తాం. సూది వేయరని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్తాం. తర్వాత అబద్ధమాడకూడదని కంఠత వాక్యం నేర్పుతాం.

మన సంఘంలో ఒక తల్లికి ఇదే చెప్పాను. "వెళ్తున్నానని చెప్పే వెళ్ళమ్మా. ఎప్పుడు వస్తావో అది కూడా చెప్పు. చెప్పిన వేళకు రా." వాడు మూడు రోజులు గుండెలు పగిలేలా ఏడ్చాడట. అత్తగారు నన్ను తిట్టుకుందని కూడా విన్నాను. నాలుగో రోజూ ఏడ్చాడు కానీ, ఆటో దాకా వచ్చి చెయ్యి ఊపాడట. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, "వాడు రాత్రి ప్రార్థనలో ఏమంటున్నాడమ్మా?" అని అడిగాను.

"ఆటో పంక్చర్ కాకూడదని రోజూ అడుగుతున్నాడయ్యగారూ" అంది.