ఎలుగు రూపం... ఎవరి కోసం?

కంప్యూటర్ తెర మీద చిమ్మచీకటి గుహ. అయిదుగురు మిత్రులు అడుగులో అడుగేసుకుంటూ లోపలికి వెళ్తున్నారు. ఉన్నట్టుండి కొండంత రాక్షసుడు ఎదురొచ్చాడు. నలుగురూ వెనక్కి తగ్గారు. అయిదోవాడు మాత్రం ఒక్కసారి ఒళ్లు విదిలించాడు. అంతే! మనిషి మాయమై, ఆ చోట బొచ్చు నిక్కబొడుచుకున్న ఎలుగుబంటి ప్రత్యక్షమైంది. గుర్రుమంటూ రాక్షసుడి మీదికి దూకింది!

ఇది ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆన్‌లైన్ ఆట. 2004 నవంబరులో విడుదలై ప్రపంచాన్ని ఊపేసింది. అందులో ‘డ్రూయిడ్’ అనే పాత్ర ఉంది. కొన్ని జంతువుల రూపాలు ధరించగల కామరూపి అన్నమాట. ఆ రూపాల్లో పేరున్నది ఎలుగుబంటి. ఇంట్లో పిల్లలు ‘నేను బేర్ ట్యాంక్‌ని’ అంటుంటే పెద్దవాళ్లకు అర్థం కాకపోవచ్చు. కానీ ఆ మాట అసలు అర్థం తెలుసుకోవాలంటే ఒకసారి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు చుట్టి రావాలి.

దెబ్బలన్నీ తనకే!

ఎలుగు రూపం ఎత్తినవాడి పని శత్రువును చంపడం కాదు. దెబ్బలు కాయడం! అందుకే ఆ పాత్రను ‘ట్యాంక్’ అంటారు. ఎలుగుగా మారగానే ప్రాణశక్తి పెరుగుతుంది, చర్మం మొద్దుబారుతుంది. ఓ గుర్రుతో శత్రువు చూపును తన వైపు తిప్పుకుంటాడు. పడే దెబ్బలన్నీ తన ఒంటి మీద పడుతుంటే వెనకున్న నలుగురూ తమ పని కానిస్తారు. దెబ్బ పడేకొద్దీ అతడిలో రోషం పెరుగుతుంది. ఆ రోషమే అతడి ఆయుధం. అయితే ఓ చిక్కుంది. ఎలుగుగా ఉన్నంతసేపూ వైద్య మంత్రాలు చదవలేడు. గాయాలు మాన్పడానికి వెనకున్న మిత్రుడి మీద ఆధారపడాల్సిందే.

తొలినాళ్ల ఆటలో ఈ రూపం ఊరికే వచ్చేది కాదు. పదో స్థాయికి చేరిన ఆటగాడు ఓ దివ్యవనానికి వెళ్లి, అక్కడి మహా ఎలుగు ఆత్మతో మాట్లాడాలి. ఎలుగుకు ఒంటి బలం ఒక్కటే చాలదనీ, గుండెబలమూ కావాలనీ తెలుసుకోవాలి. అంటే, రూపం కంటే ముందు దాని మనసు తెలియాలి.

మనకిది కొత్తా?

ఈ ఆట ఆడిన కుర్రాడెవరైనా దసరా సెలవులకు విజయనగరం వస్తే తెల్లబోవడం ఖాయం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. వీధుల్లో డప్పుల మోత. ఒళ్లంతా పసుపు, నలుపు చారలు దిద్దుకున్న పులివేషాలు గంతులేస్తుంటాయి. సాయంత్రానికి సుమారు అరవై అడుగుల మాను చివరన అమ్మవారి పూజారి కూర్చుంటారు. గుడికీ కోటకీ మధ్య ఆ సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ కాసేపూ జనం కళ్లకు ఆయన మామూలు మనిషి కాదు... సాక్షాత్తూ పైడితల్లే! రూపం మారడమంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు.

అక్కణ్నుంచి శ్రీకాకుళం చేరుకుని, మరో పదిహేను కిలోమీటర్లు వెళ్తే శ్రీకూర్మం. విష్ణుమూర్తి తాబేలు రూపంలో పూజలందుకునే అరుదైన క్షేత్రం. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. గుడికి రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లు నింపాదిగా తిరుగుతూ పిల్లల్ని అలరిస్తాయి. దేవుడు తాబేలు ఎందుకయ్యాడు? పాలకడలి చిలికేటప్పుడు మందరగిరి మునిగిపోతుంటే వీపు మీద మోయడానికి. అమృతం ఎవరికో... బరువు మాత్రం ఆయనకు! ఆటలోని ఎలుగు చేసేదీ అదే కదా.

ఇక ఎలుగు అనగానే మనకు గుర్తొచ్చేది జాంబవంతుడు. సముద్రం ముందు అందరూ చతికిలబడితే హనుమంతుడికి అతడి బలం గుర్తుచేసిన పెద్దమనిషి. భాగవతంలో శమంతకమణి కోసం సాక్షాత్తూ శ్రీకృష్ణుడితో ఇరవై ఎనిమిది రోజులు తలపడ్డాడు. ఒళ్లు హూనమయ్యాక గానీ ఎదురుగా ఉన్నదెవరో తెలియలేదు. దెబ్బలు కాయడంలో అంతటివాడు!

ఉద్దానంలో... నిజం ఎలుగు

ఇప్పటిదాకా చూసినవన్నీ వేషాలు, కథలు. పలాస దాటి ఉద్దానంలో అడుగుపెడితే మాత్రం అసలు ఎలుగు ఉంటుంది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... ఓ పక్క సముద్రం, మరో పక్క కొండలు. మధ్యలో కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్యానవనం లాంటి నేల కాబట్టే ఉద్దానం అయిందంటారు. పలాస జీడిపప్పు రుచి వెనకున్నది ఈ తోటలే. వేసవిలో జీడిపండ్ల వాసన, ముగ్గిన పనస ఘుమఘుమ గాలి నిండా పరుచుకుంటాయి. ఆ వాసన మనుషులకే కాదు, ఎలుగులకూ తెలుస్తుంది!

దీని రూపం చూసి పండితులే బోల్తా పడ్డారు. 1791లో జార్జ్ షా అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త దీని పొడవాటి గోళ్లు చూసి, అమెరికా అడవుల్లో చెట్లకు వేలాడే ‘స్లాత్’ జాతి అనుకున్నాడు. ఎలుగని తేలినా ఆ పేరు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఇంగ్లీషులో దీన్ని ‘స్లాత్ బేర్’ అనే అంటారు. నిజానికి ఆ గోళ్లు చెదపుట్టలు తవ్వడానికి. పై దవడ ముందు రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి చెదపురుగుల్ని జుర్రుకుంటుంది. చూపు అంతంతమాత్రం, వాసన పట్టడంలో మాత్రం దిట్ట.

మరి ఇంత చీమల తిండి జీవి మనిషి మీద ఎందుకు పడుతుంది? జవాబు దాని వీపు మీద ఉంది. తల్లి ఎలుగు పిల్లల్ని నెలల తరబడి వీపున మోస్తూ తిరుగుతుంది. పులులు తిరిగే అడవుల్లో బతికిన జాతి ఇది. పిల్లల్ని వదిలి పారిపోవడం కంటే ఎదురు తిరగడమే దానికి అబ్బింది. చూపు ఆనదు కాబట్టి మనిషి దగ్గరికొచ్చేదాకా గుర్తించదు. గుర్తించేసరికి భయం. మరుక్షణం దాడి! బిడ్డల్ని వెనకేసుకుని దెబ్బకు తాను ఎదురు నిలబడే ‘ట్యాంక్’ అన్నమాట. తేడా ఒక్కటే. దీనికి మళ్లీ మనిషిగా మారే వీల్లేదు.

ఓడింది ఇద్దరూ

తెల్లారకముందే జీడిపిక్కలు ఏరడానికి వెళ్లే రైతుకు ఈ సంగతులు చెప్పి ఊరడించలేం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయారు. పలువురు గాయపడ్డారు. అటవీ సిబ్బంది మత్తు ఇచ్చి దాన్ని పట్టుకున్నారు. విశాఖ జంతు ప్రదర్శనశాలకు చేర్చాలనుకున్నారు. కానీ అదీ బతకలేదు. ఒక ఇంట్లో పెద్దదిక్కు పోయింది, అడవిలో ఒక ప్రాణం పోయింది. ఎవరు గెలిచినట్టు?

అంతకుముందు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. అంతటి దెబ్బ తిని మళ్లీ మొక్క నాటుకున్న నేల ఇది. ఇలాంటి రైతును తోట మానుకోమనలేం. ఎలుగును అడవి మానుకోమనలేం.

ఉన్న దారి జాగ్రత్తే. తెల్లవారుజామున, మునిమాపు వేళ తోటలోకి ఒంటరిగా పోకూడదు. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ, చప్పుడు చేసుకుంటూ వెళ్తే ఎలుగే తప్పుకుంటుంది. పిల్లలతో కనిపిస్తే దగ్గరికి వెళ్లకూడదు. ‘ఎలుగొచ్చింద్రోయ్’ అని ఊరంతా కర్రలతో వెంటపడటం మరీ ప్రమాదం. దారి మూసుకుపోయిన ఎలుగుకు తెలిసింది ఒక్కటే... ఎదురు తిరగడం.

ఒకప్పుడు ఊళ్లలోకి ఎలుగును ఆడించేవాళ్లు వచ్చేవారు. ముక్కుకు తాడు కట్టి దాన్ని మనిషిలా నిలబెట్టేవారు. భయం పోతుందని తల్లులు పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టేవారు, వెంట్రుక తీసుకుని తాయెత్తు కట్టేవారు. ఎలుగును మనిషిలా ఆడించిన ఆ ఆట ఆగిపోయింది, మంచిదే. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు తనే ఎలుగవుతున్నాడు. ఎలుగు చర్మం లోపలి నుంచి లోకాన్ని చూస్తున్నాడు.

ఈసారి మీ అబ్బాయి తెర ముందు ఎలుగుగా మారినప్పుడు కసురుకోకండి. పక్కన కూర్చుని ఉద్దానం కథ చెప్పండి. అక్కడ జీడిచెట్టు కింద ఓ తల్లి ఎలుగు పిల్లల్ని వీపున ఎక్కించుకుని చీకట్లో నడుస్తోందనీ, అదే తోటలోకి తన పిల్లల కోసం ఓ రైతు గోనెసంచి పట్టుకుని బయల్దేరుతున్నాడనీ చెప్పండి. ఆటలో ఓడితే మళ్లీ మొదలెట్టొచ్చు. ఉద్దానంలో ఇద్దరికీ ఉన్నది ఒక్కటే ప్రాణం!